ఫ్రీ పిస్టన్ స్టిర్లింగ్ జనరేటర్: వేడి పెట్టకముందే లయ కుదర్చడం ఎలా

స్టిర్లింగ్ ఇంజన్ అంటే లోపల మూసి ఉంచిన గ్యాసును ఒక కొసన వేడి చేసి, మరో కొసన చల్లబరిచి పిస్టన్‌ను కదిలించే యంత్రం. దాని ఫ్రీ పిస్టన్ రకంలో క్రాంకు ఉండదు, ఫ్లైవీలూ ఉండదు. పిస్టన్ ఎంత దూరం పోవాలో, డిస్‌ప్లేసర్ (గ్యాసును వేడి, చల్లని కొసల మధ్య అటూ ఇటూ తోసే భాగం) దానికంటే ఎంత ముందు నడవాలో నిర్ణయించేవి బరువులు, స్ప్రింగులు, గ్యాస్ పీడనం, కరెంటు లోడు. 1964లో ఒహాయో యూనివర్సిటీలో విలియం బీల్ ఈ అమరికను కనిపెట్టారు. అప్పటి నుంచీ ఇందులో అసలు కష్టం వేడిని అందించడం కాదు, ఈ నాలుగింటినీ ఒకే లయలోకి తేవడం. కాబట్టి హీటరు డిజైను కంటే ముందు లెక్కలు ఇక్కడ మొదలుపెట్టండి. ఉదాహరణకు 60 హెర్ట్జ్ దగ్గర 100 వాట్ల కరెంటు ఇచ్చే యంత్రం తీసుకుందాం.

పిస్టన్ కొలతలు

బీల్ సూత్రం ప్రకారం శక్తి (వాట్లు) = గుణకం × సగటు పీడనం (బార్) × హెర్ట్జ్ × పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం (ఘన సెం.మీ.). వేడి కొస 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడిచే మంచి ఇంజన్లలో గుణకం 0.015 దాకా వస్తుంది. మొదటి నమూనాకు 0.012 మించి ఆశించకండి. ఆల్టర్నేటర్ (పిస్టన్ కదలికను కరెంటుగా మార్చే కాయిల్, మాగ్నెట్ల భాగం) నష్టాలు పోను 100 వాట్లు మిగలాలంటే పిస్టన్ దగ్గర 130 వాట్లు కావాలి. 25 బార్ హీలియంతో లెక్కిస్తే 7.2 ఘన సెం.మీ. వస్తుంది. 32 మి.మీ. వ్యాసం, 9 మి.మీ. స్ట్రోకు సరిపోతాయి. అంటే నడిమి నుంచి ఇటు 4.5, అటు 4.5 మి.మీ.

పిస్టన్ స్ప్రింగు

మాగ్నెట్లతో కలిపి కదిలే బరువు అర కిలో అనుకుందాం. 60 హెర్ట్జ్‌కు దానికి మీటరుకు 71 కిలోన్యూటన్ల గట్టిదనం కావాలి. ఇందులో కొంత గ్యాసే ఇస్తుంది. పని జరిగే గదిలో 50 ఘన సెం.మీ. గ్యాస్ ఉంటే సుమారు 32, వెనకనున్న బౌన్స్ గది 400 ఘన సెం.మీ. అయితే సుమారు 7. మిగిలిన 32 కిలోన్యూటన్లు ఫ్లెక్షర్లు, అంటే స్పైరల్‌గా కోసిన పల్చటి స్టీలు బిళ్లల దొంతర, ఇవ్వాలి.

డిస్‌ప్లేసర్ కదలిక వల్ల పని గది ఇచ్చే గట్టిదనం లెక్కకంటే తగ్గుతుంది. అందుకే ఒకటి రెండు ఫ్లెక్షర్లు ఎక్కువే పెట్టుకోండి. పిస్టన్‌కు పలుచటి బరువు బిళ్లలు తగిలించి ఫ్రీక్వెన్సీని కిందికి దించడం తేలిక, ఉన్న బరువును చెక్కి తగ్గించడం నరకం. ఏడాదికి ఈ ఫ్లెక్షర్లు 189 కోట్ల సార్లు వంగుతాయి. కాబట్టి ఒత్తిడిని ఆ స్టీలు అలసట హద్దుకు (ఎన్నిసార్లు వంగినా పగలని ఒత్తిడికి) బాగా దిగువన ఉంచి, కోసిన అంచులను నునుపుగా పాలిష్ చేయాలి. పగుళ్లు మొదలయ్యేది అంచుల దగ్గరే.

డిస్‌ప్లేసర్

శక్తి పుట్టేది ఇక్కడి ఫేజ్ కోణం వల్లనే. పిస్టన్ కంటే డిస్‌ప్లేసర్ ఎంత కోణం ముందుంటే ఆ కోణపు సైన్ విలువకూ, రెండింటి స్ట్రోకులకూ అనుపాతంలో శక్తి వస్తుంది. ఆచరణలో 40 నుంచి 70 డిగ్రీల మధ్య నడిపిస్తారు.

ఈ కోణాన్ని మార్చేది డిస్‌ప్లేసర్ స్ప్రింగు. దాని గట్టిదనం సరిగ్గా 60 హెర్ట్జ్‌కు కుదిరితే కోణం 90 డిగ్రీలు, మెత్తబడే కొద్దీ తగ్గుతుంది. 120 గ్రాముల డిస్‌ప్లేసర్‌కు ఆ విలువ మీటరుకు 17 కిలోన్యూటన్లు. అయితే గ్యాస్ పీడనం డిస్‌ప్లేసర్‌కు బిగించిన రాడ్డు మీద పనిచేస్తూ స్ప్రింగు బలాన్ని కొంత తినేస్తుంది. ఆ మేరకు బిగించే స్ప్రింగు గట్టిగా ఉండాలి. కోణం తక్కువగా కనిపిస్తే చాలామంది వేడి పెంచుతారు. మార్చాల్సింది స్ప్రింగును.

స్ట్రోకును నిర్ణయించేది రాడ్డు అడ్డుకోత వైశాల్యం. రాడ్డు సన్నదైతే రీజనరేటరులోంచి (గ్యాసు దారిలో వేడిని దాచి తిరిగి ఇచ్చే జాలీలోంచి) గ్యాసును తోసే బలం చాలక డిస్‌ప్లేసర్ నీరసిస్తుంది, లావైతే కొసలకు కొట్టుకుంటుంది. రీజనరేటరు జాలీ మార్చి గ్యాసు దారి ఇరుకు చేసిన ప్రతిసారీ రాడ్డు లెక్క మళ్లీ చూడాలి.

సీళ్లు, పిస్టన్ జరుగుడు

రింగులు ఉండవు. పిస్టన్ చుట్టూ 15 నుంచి 25 మైక్రాన్ల ఖాళీయే సీలు. ఖాళీ రెట్టింపైతే లీకు ఎనిమిది రెట్లవుతుంది. పిస్టన్ ఒక పక్కకు పూర్తిగా ఒరిగితే అదే ఖాళీలో లీకు రెండున్నర రెట్లు.

కొత్తగా చేసేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మరొకటి. పది నిమిషాలు బాగా నడిచాక పిస్టన్ నడిమి స్థానం మెల్లగా డిస్‌ప్లేసర్ వైపు జరిగి తగలడం మొదలవుతుంది. పని గది పీడనం ఎక్కువగా ఊగుతుంది. ఎక్కువ పీడనం ఉన్న క్షణంలో గ్యాసు చిక్కగా ఉండి ఎక్కువ బయటికి పోతుంది, తక్కువప్పుడు అంత తిరిగి రాదు. అలా పని గది నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పిస్టన్‌లోనూ సిలిండర్‌లోనూ సన్నని రంధ్రాలు పెట్టి, నడిమి స్థానంలో అవి ఒకదానికొకటి ఎదురై రెండు గదులనూ ఒక్క క్షణం కలిపేలా చేస్తే జరుగుడు ఆగుతుంది. ఫ్లెక్షర్లు ఉన్నాయి కదా అని వీటిని మానేయకండి.

ఆల్టర్నేటర్

కాయిల్ ఇండక్టెన్సును సిరీస్ కెపాసిటర్‌తో రద్దు చేయాలి. 60 హెర్ట్జ్ దగ్గర 50 మిల్లీహెన్రీలకు 141 మైక్రోఫారడ్లు. ఇది తప్పితే కరెంటు వోల్టేజీతో కలిసి నడవక, ఆ బలం పిస్టన్ మీద అదనపు స్ప్రింగులా పడి ఫ్రీక్వెన్సీని జరుపుతుంది.

పరీక్షించే క్రమం

ప్రెజర్ వెసెల్‌ను లోపలి భాగాలు బిగించకముందే నీళ్లతో 1.5 రెట్ల పీడనానికి పరీక్షించండి, గాలితో వద్దు.

తర్వాత హీలియం నింపకుండా, మూత తీసి, ఆల్టర్నేటర్ తీగలు విడిగా ఉంచి పిస్టన్‌ను వేలితో లాగి వదలండి. ఫ్లెక్షర్ల మీద మాత్రమే అది 40 హెర్ట్జ్ దగ్గర ఊగాలి. తేడా ఉంటే మాగ్నెట్లు ఇచ్చే అదనపు స్ప్రింగు బలం అక్కడే బయటపడుతుంది. ఊగుడు త్వరగా చచ్చిపోతే ఎక్కడో రాపిడి ఉంది.

ఆపై హీలియం నింపి, ఆల్టర్నేటర్‌నే మోటారుగా నడిపి 50 నుంచి 70 హెర్ట్జ్ వరకు మెల్లగా పెంచుతూ అతి తక్కువ కరెంటుతో పెద్ద స్ట్రోకు వచ్చే చోటు చూడండి. అది 60కి దగ్గర లేకపోతే వేడి పెట్టవద్దు.

వేడి మీద నడిపేటప్పుడు ఒక నియమం తప్పకూడదు: లోడు తగిలించి ఉండగానే మొదలుపెట్టాలి. పిస్టన్‌ను పట్టి ఉంచేది ఆ కరెంటే. ఇక్కడ అది ఆపే బలం గరిష్ఠంగా 150 న్యూటన్ల పైమాట. తీగ ఊడితే కొద్ది చక్రాల్లోనే పిస్టన్ హద్దు దాటి కొట్టుకుంటుంది. అందుకే ప్రధాన లోడు పోగానే తనంతట తానే కలిసి ఆ కరెంటును వేడిగా ఖర్చు చేసే హీటర్ కాయిల్‌ను కంట్రోలర్‌తో సంబంధం లేకుండా, సొంత రిలేతో, పక్కనే ఉంచాలి. వేడిని ఆపేసినా హీటరు తలలో మిగిలిన వేడితో ఇంజన్ నిమిషాలపాటు నడుస్తూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా లోడు తీయకండి.