ఫ్రీజర్‌లో ఐసు గట్టిగానే ఉంది, కింద పప్పు మాత్రం పులిసిపోతోంది

లక్షణం: రాత్రి పెట్టిన పప్పు మర్నాటి సాయంత్రానికే నురగ కడుతోంది. పాలు విరుగుతున్నాయి. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉండి కూడా పొంగి కారుతోంది. పై ఫ్రీజర్‌లో ఐసు బాగానే ఉంది కాబట్టి ఎవరూ ఫ్రిజ్‌ను అనుమానించరు. పాలవాడిని, ఎండలను తప్పుపట్టి కూరలు పారబోస్తారు.

ముందు కొలవండి. ఎంత చెప్పినా జనం వదిలేసేది ఇదే. గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు ముంచి రాత్రంతా మధ్య అరలో ఉంచండి. జ్వరం చూసేది ఇంత చల్లదనాన్ని చూపలేదు, వంటింటి థర్మామీటరు కావాలి. ఉదయం 5 డిగ్రీలు దాటి ఉంటే లోపం వంటది కాదు.

డయల్ చూడండి. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. చలికాలంలో తగ్గించి వేసవిలో మరిచిపోయిన ఇళ్లు ఎన్నో. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగండి, సులువుగా జారి వస్తే రబ్బరు వదులైనట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే వెనక గోడ చూడండి. మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లలో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వైపే. ఫ్యాన్ ఆ గాలిని వెనక గోడలోని సన్నటి రంధ్రాల గుండా కింది అరలకు పంపుతుంది. పెద్ద గిన్నె ఒకటి ఆ రంధ్రాలకు ఆనితే దారి మూసుకుపోతుంది. ఫ్రీజర్ చల్లగానే ఉంటుంది, కింది అరలు వెచ్చబడతాయి. ఒక్క గుర్తు ఉంది: గోడకు ఆనిన కొత్తిమీర గడ్డకడుతుంది, ముందు వరసలో పెరుగు పులుస్తుంది. మా ఇంట్లో ఒక వేసవిలో ఇలాగే జరిగితే ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాస్ తగ్గిందన్న మెకానిక్ మాట నమ్మి డబ్బు కట్టాను. పది రోజులకు మళ్లీ అదే కథ. చివరికి పండగకు రుబ్బిన పిండి గిన్నె ఖాళీ చేసి తీసేస్తే మర్నాటికల్లా ఫ్రిజ్ చల్లబడింది. ఆ పది రోజుల్లో పారబోసిన కూరలు తలచుకుంటే ఇప్పటికీ బాధే. తర్వాత చుట్టాల ఇళ్లలో నేను చూసిన వాటిలోనూ ఎక్కువసార్లు కారణం ఇదే.

గోడకూ గిన్నెలకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి. పెద్ద గిన్నెలోది రెండు చిన్న గిన్నెల్లోకి మార్చండి, త్వరగా చల్లబడుతుంది కూడా. అరలు కిక్కిరిసి ఉంటే ముందు ఊరగాయ సీసాలు బయటికి తీయండి. నూనె తేలిన ఆవకాయకు ఫ్రిజ్ అక్కర్లేదు. ఒక రోజు ఆగి మళ్లీ కొలవండి.

అప్పటికీ తగ్గకపోతే రంధ్రం దగ్గర చేయి పెట్టి చూడండి. తలుపు తీస్తే చాలా మోడళ్లలో ఫ్యాన్ ఆగిపోతుంది, కాబట్టి తలుపు స్విచ్‌ను నొక్కి పట్టుకోవాలి. గాలి రాకపోతే లోపల మంచు పేరుకుని ఉండాలి, లేదా ఫ్యాన్ ఆగి ఉండాలి. అది మెకానిక్ పని. గ్యాస్ కారడం అరుదు, అప్పుడు సాధారణంగా ఫ్రీజర్ కూడా చల్లదనం కోల్పోతుంది. మెకానిక్ గ్యాస్ మాట ఎత్తితే, ఐసు గట్టిగానే ఉందని చెప్పి ముందు ఫ్యాన్ చూడమనండి.