చెన్నైలో పరుపు కొనే ముందు చూసుకోవాల్సినవి

ముందు మంచం లోపలి కొలత టేపుతో తీసుకోండి. "క్వీన్ సైజు" అంటే చాలదు. పొడవు 72, 75, 78 అంగుళాల్లో దొరుకుతుంది.

అసలు తేడా అంతా ఫోమ్‌లోనే, ఇక్కడ తొందరపడొద్దు. డెన్సిటీ ఎంతో అడిగి బిల్లు మీద రాయించుకోండి. అంటే ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క. మామూలు పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ 32 నుంచి 40 ఉంటే మన్నుతుంది. 20 దగ్గర ఉంటే నడుము కింద తొందరగా గుంట పడుతుంది. రీబాండెడ్‌కి 80, 100 అని గొప్పగా చెబుతారు. అది ఫోమ్ ముక్కల్ని అతికించి నొక్కింది, గట్టిగా ఉంటుంది. ఆ అంకెను పీయూ అంకెతో పోల్చకండి.

మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి, ఆ వేడిని పట్టి ఉంచుతుంది. ఏసీ లేని గదికి, చెన్నై మే నెల ఉక్కపోతకి నేనైతే వద్దంటాను. సహజ లేటెక్స్ అంటే రబ్బరు పాలతో చేసిన ఫోమ్. అందులో గాలి ఆడుతుంది, మన్నిక ఎక్కువ. ధర, బరువు కూడా ఎక్కువే. పరుపు మొత్తం లేటెక్సా, పై పొర ఒక్కటేనా అడగండి. రబ్బరు ఎలర్జీ ఉంటే దాని జోలికి వెళ్లొద్దు.

షాపులో చేత్తో నొక్కితే ఏమీ తెలియదు. ఇంట్లో పడుకున్నట్టే పక్కకి తిరిగి పది నిమిషాలు పడుకోండి. అమ్మానాన్నల కోసమైతే వాళ్లనే తీసుకెళ్లండి, లేవడం సులువో కాదో వాళ్లకే తెలుస్తుంది.

ఎంత లోతు కుంగితే మారుస్తారో వారంటీ కార్డులో చదవండి. మరక పడితే వారంటీ చెల్లదని చాలా కంపెనీల షరతు, కాబట్టి పరుపు మీద తొడిగే కవరు, అంటే ప్రొటెక్టర్ కూడా అప్పుడే కొనండి.