నగల పనికి సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్: కొనే ముందు ఏం కొలవాలి

కంప్యూటర్ చెప్పినట్టు కత్తిని నడిపి చెక్కే ఈ మెషీన్ల గురించి డీలర్లు ముందుగా చెప్పేది టేబుల్ సైజు, ఆ వెంటనే 'రిజల్యూషన్ 0.001 మి.మీ.' అనే మాట. నగల పనికి ఈ రెండూ పెద్దగా అక్కరకు రావు. చాలా పతకాలు 80 మి.మీ. లోపే కాబట్టి 100 × 100 మి.మీ. కదలిక చాలు. ఇక ఆ 0.001 లెక్కలోదే, కత్తి కొస నిజంగా ఎక్కడుందో అది చెప్పదు. డబ్బు పెట్టాల్సింది కత్తిని తిప్పే స్పిండిల్ మీద, టేబుల్‌ను నడిపే స్క్రూల మీద. ఉంగరాలు చేసేవాళ్లయితే ముక్కను గుండ్రంగా తిప్పే రోటరీ మీద కూడా.

ముందు ఏం కోస్తారో తేల్చుకోండి. మైనం కోసి పోత పోసుకునేవాళ్లకు 300–500 వాట్ల స్పిండిల్ ఉన్న చిన్న మెషీన్ సరిపోతుంది. కాసులకో లక్ష్మీ బిళ్లలకో ఉక్కు అచ్చులు తీయాలంటే పోత ఇనుము ఫ్రేము, కనీసం 1.5 కిలోవాట్ల వాటర్ కూలింగ్ స్పిండిల్ ఉండాలి. పలచని అల్యూమినియం ఫ్రేము మీద ఉక్కు పెడితే కత్తి అదురుతుంది, పని మీద అలలు పడతాయి, కొస ఎగిరిపోతుంది. ఇత్తడి ఈ రెంటికీ మధ్య: విడతకు 0.1 మి.మీ. లోతు చొప్పున తీస్తే గట్టి చిన్న మెషీన్ మీదా అవుతుంది. చిలకలపూడి తరహా రోల్డుగోల్డు పనికి రోజూ డైలు (అచ్చులు) కావాల్సినవాళ్లు మాత్రం మైనం మెషీన్‌తో సర్దుకుందామనుకోవద్దు.

మీ పనిలో ఎక్కువ భాగం జాలీ, బోలు బుట్టలు, లోపలికి వంగిన ఆకులే అయితే అసలు మిల్లింగ్ వద్దు, రెజిన్ ప్రింటర్ చూడండి. పైనుంచి దిగే కత్తికి అడుగున దాగిన చోటు అందదు. మైనం కోతలో లాభం వేరు: పొరల గీతలుండవు, పోతకు ముందు కాల్చినప్పుడు శుభ్రంగా కాలిపోతుంది.

స్పిండిల్ పరీక్షకు 0.002 మి.మీ. చూపే లీవర్ డయల్, నిటారైన 3.175 మి.మీ. పిన్ను తీసుకెళ్లండి. పిన్నును కాలెట్‌లో (కత్తిని పట్టి ఉంచే బిగింపులో) బిగించి, కాలెట్‌కు 20 మి.మీ. కింద డయల్ ఆనించి, స్పిండిల్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం కదలిక 0.01 మి.మీ. లోపుంటే మంచిది, 0.005 అయితే ఇంకేం కావాలి. 0.02 వచ్చిందంటే 0.2 మి.మీ. కొస 0.22 మి.మీ. గాడి తీస్తుంది. గాడి వెడల్పు కంటే అసలు సమస్య ఏమిటంటే, రెండంచుల కత్తిలో కోత భారం చాలావరకు ఒక్క అంచు మీదే పడి అది విరుగుతుంది. 3018 పేరుతో చవగ్గా దొరికే మెషీన్లలో 775 రకం చిన్న మోటారు షాఫ్టుకే కాలెట్ తొడుగుతారు. ఈ కదలిక వాటిలో ఎక్కువ, పని నేర్చుకోవడానికి తప్ప నగకు పనికిరావు.

తర్వాత స్క్రూలు. టేబుల్ అంచుకు డయల్ ఆనించి, ఒకవైపు కొంత నడిపి సున్నా పెట్టండి. అదేవైపు ఇంకో 1 మి.మీ. వెళ్లి, 1 మి.మీ. వెనక్కి రమ్మనండి. సున్నాకు ఎంత తక్కువ పడితే అంత ఆట (వదులు) ఉన్నట్టు. 0.02 దాటితే వదిలేయండి. 'సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తాం' అంటారు గానీ, కోసేటప్పుడు కత్తి తోపుకి టేబుల్ ఆ సందులోనే ఊగుతుంది. మైనం మీద 20 మి.మీ. వృత్తం కోయించి చూసినా తెలుస్తుంది: దిశ మారే నాలుగు చోట్ల చిన్న చదును గానీ మెట్టు గానీ కనిపిస్తుంది. గుండ్ల మీద నడిచే, ఆట తక్కువుండే బాల్ స్క్రూలే అడగండి.

రోటరీలో రెండు చూడాలి. ఒకటి ఆట: 10 మి.మీ. వ్యాసార్థం దగ్గర 0.1 డిగ్రీ అంటే 0.017 మి.మీ. గీత ఒకసారి ఇటునుంచి, ఇంకోసారి అటునుంచి తిప్పి కోయించండి, రెండూ ఒకదానిలో ఒకటి పడాలి. రెండోది కేంద్రం. అది 0.1 మి.మీ. పక్కకుంటే 1.4 మి.మీ. మందం ఉండాల్సిన ఉంగరం ఒకవైపు 1.3, ఎదుటివైపు 1.5 అవుతుంది. కేంద్రాన్ని సరిచేసుకునే స్క్రూలు బయటికి అందేలా ఉన్నాయో లేదో చూడండి.

లోతు లెక్క తప్పితే నష్టం బంగారంలో కనిపిస్తుంది. 25 × 20 మి.మీ. పతకం మందం 0.1 మి.మీ. ఎక్కువైతే 22 క్యారెట్లలో దాదాపు 0.9 గ్రాము పెరుగుతుంది. మైనం బరువును 17–18తో గుణిస్తే 22 క్యారెట్ల బరువు వస్తుంది కాబట్టి నమూనా ముక్కను అక్కడే తూచండి.

అదే పతకానికి కోతల మధ్య 0.05 మి.మీ. ఎడం పెడితే 400 వరుసలు, అంటే 10 మీటర్లు. నిమిషానికి 500 మి.మీ. చొప్పున 20 నిమిషాలు. 0.02 పెడితే 50. డీలర్ చెప్పే టైమును ఈ లెక్కతో సరిచూసుకోండి. డెమోకు మీ డిజైను, మీ మైనమే ఇవ్వండి. ఆకుపచ్చది గట్టిది, సన్న గీతలు నిలుస్తాయి; నీలం వంగుతుంది. కత్తి ముందుకు నడిచే వేగం తగ్గించి స్పిండిల్‌ను మాత్రం జోరుగా తిప్పితే మైనం కరిగి కత్తికి అంటుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ బేరం విడిగా ఆడండి. ఉబ్బెత్తు డిజైన్లు గీసి కోతదారి తయారుచేసే ఆర్ట్‌క్యామ్‌ను ఆటోడెస్క్ కంపెనీ 2018లో ఆపేసింది, అది కార్వెకోగా కొనసాగుతోంది. 'ఆర్ట్‌క్యామ్ ఫ్రీ' అంటే ఏ కాపీ ఇస్తున్నారో అర్థం చేసుకోండి. డెస్క్‌ప్రోటో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ రోటరీకి పనికొస్తుంది, కానీ ఏ ఎడిషన్‌లో రోటరీ ఉందో చూసి కొనండి.

కరెంటు పోతే మెషీన్ తానెక్కడుందో మరిచిపోతుంది, సగం కోసిన మైనం చాలాసార్లు పారేయాల్సి వస్తుంది. యూపీఎస్ ధర బడ్జెట్‌లో కలపండి, ఎర్తింగ్ సరిగా వేయించండి. స్పిండిల్ డ్రైవ్ రొదకి యూఎస్‌బీ తెగిపోయి పని మధ్యలో ఆగడం మామూలే, కాబట్టి మెమరీ కార్డు నుంచి నడిచే కంట్రోలర్ మేలు. కాలెట్ ఈఆర్11 అనే ప్రామాణిక సైజు అయితే సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట దొరుకుతుంది. సొంత సైజు కాలెట్ అయితే రెండు అదనంగా, రోటరీకి బెల్టు ఉంటే అదీ ఇంకోటి బిల్లులోనే రాయించుకోండి.