రేవెన్ క్లిఫ్ జలపాతానికి నడక: చీకటి పడకముందే కారు దగ్గరికి చేరేలా

అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫారెటా వైపు ఉండే తెలుగువాళ్లకి చటాహూచీ నేషనల్ ఫారెస్ట్ దగ్గరే. ఆ అడవిలో డాడ్ క్రీక్ అనే వాగు ఒక ఎత్తైన కొండబండను నిలువునా చీల్చుకుని కిందికి దూకుతుంది. అదే రేవెన్ క్లిఫ్ జలపాతం. రోడ్డు మీంచి కనపడదు, నడిస్తే తప్ప చూడలేం. రానుపోను 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు. నడక పెద్ద కష్టమేమీ కాదు. దెబ్బలు తగిలేది చాలావరకు చివరి బండల దగ్గర, ఇబ్బంది పడేది ఆలస్యంగా బయల్దేరినప్పుడు.

నీళ్లు నిండుగా ఉండాలంటే చలికాలం చివరి నుంచి మే దాకా వెళ్లండి. ఆగస్టు తర్వాత వాగు బక్కచిక్కుతుంది. అక్టోబరు ఆకుల రంగులు బాగుంటాయి గానీ అప్పుడు పక్కనున్న హెలెన్ ఊళ్లో అక్టోబర్‌ఫెస్ట్ జనం ఉంటారు, పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. ఏకాంతం కావాలంటే మామూలు వారపు రోజు ఎంచుకోండి. శని ఆదివారాలు తప్పకపోతే ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. బయల్దేరే ముందు ఫారెస్ట్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ట్రెయిల్ మూసివేత ప్రకటనలు చూడండి. తుపాను తర్వాత చెట్లు కూలితే దారులు మూసేస్తారు.

జార్జియా 400 మీద డలోనెగా దాకా, అక్కణ్నుంచి క్లీవ్‌లాండ్‌కి వెళ్లండి. క్లీవ్‌లాండ్ దాటాక యూఎస్ 129 మీంచి ఆల్టర్నేట్ 75 పట్టుకుంటే హెలెన్ రద్దీలోకి పోకుండానే రిచర్డ్ రస్సెల్ సీనిక్ హైవే, అంటే జార్జియా 348 చేరతారు. ముందు డ్యూక్స్ క్రీక్ ఫాల్స్ పార్కింగ్ వస్తుంది, అక్కడ ఆగకండి. ఇంకాస్త పైకి పోతే ఎడమవైపు రేవెన్ క్లిఫ్ పార్కింగ్. క్లీవ్‌లాండ్ దాటాక ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం, కాబట్టి మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. పార్కింగ్ రుసుము కారుకు 5 డాలర్లు. చిల్లర నోట్లు ఉంచుకోండి. కవర్లో డబ్బు పెట్టి డబ్బాలో వేసి, చీటీ ముక్క కారు అద్దం దగ్గర కనపడేలా పెట్టాలి. పర్సు, ల్యాప్‌టాప్ బ్యాగు సీట్ల మీద వదిలి వెళ్లకండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే మోకాళ్ల సంగతి ముందే అడగండి. మొదటి మైలు వాగు పక్కనే సాగుతుంది, ఎక్కువ ఎత్తు ఉండదు. అలసిపోతే ఎక్కడైనా రాయి మీద కూర్చుని వెనక్కి తిరగొచ్చు. అదీ కష్టమనుకుంటే డ్యూక్స్ క్రీక్ ఫాల్స్ మేలు. అక్కడ రానుపోను 2 మైళ్లే, చివర చూడ్డానికి చెక్క వేదికలున్నాయి. అయితే అక్కడ పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. చెప్పులతో, హవాయి చెప్పులతో ఎవరినీ తీసుకురావద్దు. అడుగున గాళ్లు లోతుగా ఉన్న బూట్లు, ఒక చేతికర్ర ఉంటే చాలు. జీన్స్ తడిస్తే ఆరవు, చలికాలంలో ఒళ్లు చల్లబడిపోతుంది.

మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఎండాకాలమైతే ఇంకో అర లీటరు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చేయకుండా తాగొద్దు. తినడానికి పులిహోర బాగా పనికొస్తుంది. పెరుగన్నం మాత్రం కారులో ఐస్ డబ్బాలో ఉంచి తిరిగొచ్చాకే తినండి. మెతుకులు, అరటి తొక్కలు, విస్తరాకులు, అన్నీ సంచిలో వేసుకుని వెనక్కి తేవాలి. తొక్కలు కుళ్లిపోతాయిలే అనుకుంటారు, కానీ వాటి వాసనకి ఎలుగుబంటి వస్తుంది, తిండికి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ మనుషుల దగ్గరికే వస్తుంది. దొడ్డికి పోవాల్సి వస్తే వాగుకి 200 అడుగుల దూరంలో, 6 నుంచి 8 అంగుళాల లోతు గొయ్యి తీసి పూడ్చండి.

దారిలో రోడోడెండ్రాన్ పొదల మధ్య సొరంగంలాంటి నీడ, అక్కడక్కడా చిన్న దూకుళ్లు. అవే జలపాతమనుకుని తిరిగిపోవద్దు. చివర్లో దారి నిటారుగా మారి, బయటపడిన చెట్ల వేళ్ల మీద చేతులూ కాళ్లూ వేసి ఎక్కాల్సిన చోటు వస్తుంది. ఎక్కేటప్పుడు సులువే, దిగేటప్పుడే కాళ్లు జారతాయి. పిల్లలతో ఉంటే అక్కడే ఆగి కింది నుంచి చూసుకోండి. బండ నడిమి చీలికలోంచి తెల్లగా నీళ్లు దూకడం అక్కణ్నుంచీ కనపడుతుంది. పొడిగా ఉన్న రాయి నమ్మొచ్చు. నల్లగా, తడి మెరుపుతో ఉన్న రాయి మీద నాచు ఉంటుంది, దాని మీద ఏ బూటూ నిలవదు. జలపాతం అంచు పైకి పోయి ఫొటో తీసుకోవద్దు. వాన పడ్డ మర్నాడు ఈ సూచనలు ఇంకా గట్టిగా పాటించండి. వేసవి మధ్యాహ్నం ఉరుము వినిపిస్తే ఆ క్షణమే దిగడం మొదలుపెట్టండి.

కుటుంబంతో అయితే మొత్తం నాలుగు గంటలు వేసుకోండి. డిసెంబరులో సూర్యుడు ఐదున్నరకే అస్తమిస్తాడు, లోయలో అంతకన్నా ముందే చీకటి. కాబట్టి పదకొండుకల్లా నడక మొదలవ్వాలి, జలపాతం చేరినా చేరకపోయినా రెండింటికి వెనక్కి తిరగాలి. ఈ మాట కారు దగ్గరే అందరూ ఒప్పుకోవాలి. పైకి వెళ్లాక వాదించుకుంటే ఒక గంట పోతుంది. అయినా తలకి కట్టుకునే లైటు తలా ఒకటి ఉండాలి. ఫోన్ టార్చి బ్యాటరీని తినేస్తుంది, 911కి ఫోన్ చేయడానికే ఆ చార్జి దాచాలి.

ఇక్కడ ఉండేది నల్ల ఎలుగుబంట్లు. ఎదురైతే పరుగెత్తకండి. గట్టిగా మాట్లాడుతూ, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. కాపర్‌హెడ్, టింబర్ రాటిల్‌స్నేక్ పాములు రాళ్ల సందుల్లో, పడిపోయిన మొద్దుల అవతల ఉంటాయి, అందుకని మొద్దు దాటే ముందు అటు చూడండి. కరిస్తే కోయొద్దు, కట్టు బిగించొద్దు, కదలకుండా కూర్చోబెట్టి 911కి చెప్పండి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తగిలితే వీలైనంత త్వరగా సబ్బుతో కడగాలి.

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేవి పిడుదులు, ఇక్కడ టిక్స్ అంటారు. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి, చర్మానికి డీట్ అనే పురుగుల్ని తరిమే మందు ఉన్న స్ప్రే కొట్టుకోండి. ఇంటికి రాగానే బట్టలు డ్రయ్యర్లో పది నిమిషాలు ఎక్కువ వేడి మీద తిప్పండి, ఆ తర్వాతే ఉతకండి. మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదళ్లలో వెతకండి. పట్టుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి. నూనె పూయడం, నిప్పు పెట్టడం చేయొద్దు. కొన్ని వారాల్లోపు జ్వరం గానీ దద్దురు గానీ వస్తే, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకి తప్పక చెప్పండి.