ఏ బ్రౌజర్ వేయమంటావన్నా?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తాను. విండోస్ కొత్తగా వేసి ఇస్తుంటే ఎక్కువమంది అడిగేది ఇదే: క్రోమ్ ఉంచాలా, ఇంకేదైనా వేయాలా అని.

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా అన్నిటికీ లోపల ఉన్న ఇంజిన్ ఒకటే, క్రోమియం. ఎడ్జ్ కూడా 2020 నుంచి దాని మీదే నడుస్తోంది. కాబట్టి వీటిలో ఏది ఫాస్ట్ అని కొట్లాడుకోవడం దండగ. ఫైర్‌ఫాక్స్ ఒక్కటి వేరే. పెద్దవాళ్లు వాడే ల్యాప్‌టాప్ అయితే నేను ఫైర్‌ఫాక్స్ వేసి, యూబ్లాక్ ఆరిజిన్ పెట్టి ఇస్తాను. యాడ్లను ఆపే ఆ ఎక్స్‌టెన్షన్‌కి క్రోమ్‌లో ఇప్పుడు లైట్ వెర్షనే దొరుకుతోంది. మెయిల్, ఫోటోలు అన్నీ గూగుల్‌లోనే ఉన్నవాళ్లు క్రోమ్‌లోనే ఉండండి, మారాల్సిన పనేం లేదు.

ఏది వాడినా అప్‌డేట్ ముఖ్యం. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ తెరిస్తే అప్‌డేట్ అదే దిగుతుంది. తర్వాత రీలాంచ్ నొక్కాలి. తెరిచిన ట్యాబులన్నీ పోతాయని చాలామంది అక్కడే ఆగిపోతారు. మామూలు ట్యాబులు పోవు, తిరిగొస్తాయి. విండోస్ 7 మీద మాత్రం క్రోమ్ 2023లోనే 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. దాంట్లో సినిమాలు చూసుకోండి కానీ బ్యాంకు పని పెట్టుకోకండి.

ఇక “వైరస్ వచ్చింది” అంటూ నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలావాటికి వైరస్ ఉండదు. మొన్న తార్నాక నుంచి ఒక అంకుల్ వచ్చారు. స్క్రీన్‌లో కుడివైపు కింద మూలన ఎర్ర బొమ్మతో “మీ పీసీలో 5 వైరస్‌లు” అని నిమిషానికోసారి టింగుమంటోంది. ఆయన పరేషాన్ అయిపోయి యాంటీవైరస్ కూడా కొన్నారు. జరిగిందల్లా ఏదో క్రికెట్ స్కోర్ల సైటు నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగితే అలౌ నొక్కడం, అంతే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అలౌ చేసిన సైట్ల జాబితా కనిపిస్తుంది. ఊరూ పేరూ తెలియనివన్నీ రిమూవ్ చేసి, అసలు ఏ సైటూ అడగకుండా పెట్టేస్తే పీడ విరగడవుతుంది. ఈ పనికి నేను చాయ్ తాగించమంటాను, అంతే.

అడ్రస్ బార్‌లో తాళం గుర్తు చూసి సైటును నమ్మేయకండి. మీరు పంపేది మధ్యలో ఎవరూ చదవలేరని దానర్థం, అవతలివాడు దొంగ కాడని కాదు. పేరు చదవాలి. గవ్ డాట్ ఇన్ తర్వాత స్లాష్ రాకుండా మళ్లీ డాట్ పెట్టి ఇంకేదో ఉంటే అది గవర్నమెంటు సైటు కాదు. బ్యాంకులైతే 2025 అక్టోబర్ 31కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని ఆర్‌బీఐ చెప్పింది. ఆ తోక లేని నెట్ బ్యాంకింగ్ పేజీలో పాస్‌వర్డ్ కొట్టే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి అడగండి. చలాన్ కట్టమంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోన్ యాప్‌ను, ఇన్‌స్టాల్ చేసుకుంటే మాత్రం ఏ బ్రౌజరూ కాపాడలేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింట్ తీయించుకునేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటోలో మెయిల్ తెరవండి. విండో మూసేస్తే లాగిన్ పోతుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం పోదు, ఇది చాలామందికి తెలియదు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ పేరు తెలిసి, ముఖం చూసినవాడు వయసు అంచనా వేసి కొన్నిసార్లు కొట్టి చూస్తే తెరుచుకోవచ్చు. అందుకే లేచే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, ఆ ఫైలు మీద షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి. అప్పుడది రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు.