ఎడిటింగ్ భారం కెమెరాలోనే తగ్గింది

ఫొటోలు తీయడం కన్నా వాటి రంగులు కంప్యూటర్‌లో సరిచేయడానికే నాకు ఎక్కువ టైమ్ పట్టేది. ఇప్పుడు చాలావరకు కెమెరాలోని జేపెగ్ (కెమెరానే తయారుచేసి ఇచ్చే మామూలు ఫొటో ఫైల్) సెట్టింగులే ఆ పని చేస్తున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపింది వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగుకు తగ్గట్టు ఫొటో రంగులు సరిచేసే సెట్టింగ్. ఆటోలో ఉంచితే ఒకే చోట తీసిన ఫొటోల్లో కూడా రంగు మారిపోతుంటుంది. ఎండలో 5200 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలమానం) దగ్గర ఫిక్స్ చేశాక అన్నీ ఒకే తీరుగా వస్తున్నాయి. కాంట్రాస్ట్ (వెలుగునీడల మధ్య తేడా) ఒక మెట్టు తగ్గించాను. ఫొటోలో కనిపించే చుక్కల్లాంటి గరుకును తుడిచే నాయిస్ రిడక్షన్ కూడా అంతే, ఎక్కువైతే చర్మం మైనంలా కనిపిస్తుంది.

ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు మోతాదు) మాత్రం తీసేటప్పుడే హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్‌లో చూసుకోవాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి, పూర్తిగా తెల్లబడిపోయిన ఆకాశం మళ్లీ రాదు. వెలుతురు మీద నమ్మకం లేనిచోట జేపెగ్‌తో పాటు రా ఫైల్ (సెన్సర్ నుంచి వచ్చిన మార్చని డేటా) కూడా దాచుకుంటాను. చాలా కెమెరాల్లో దాన్ని అక్కడికక్కడే వేరే సెట్టింగుతో జేపెగ్‌గా మార్చుకోవచ్చు.