కార్తీక ఉపవాసాలకు ముందు: తేలికనుకునే ఫలహారాల లెక్క చూసుకోండి

దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. ఆ నెల్లాళ్లూ మన ఇళ్లలో తిండి తీరే మారిపోతుంది. సోమవారాలు పగలంతా ఉపవాసం, చుక్క కనబడ్డాక భోజనమో ఫలహారమో. కొందరు నెలంతా ఒంటిపూట ఉంటారు. మాంసం ఉండదు, చాలా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములకు మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం. ఇంత నియమంగా ఉన్నప్పుడు బరువు తగ్గాలి, కనీసం పెరగకూడదు. అయినా నెల చివర నడుం దగ్గర బట్టలు బిగుసుకున్నవాళ్లు మన చుట్టూ కనబడుతూనే ఉంటారు.

తప్పు ఉపవాసానిది కాదు. "అన్నం ముట్టలేదు కదా" అన్న ధీమాది. అన్నం తీసేసిన చోట ఏం పెట్టుకున్నామో ఎవరూ లెక్క చూడరు. సగ్గుబియ్యం, పల్లీలు, ఖర్జూరం, కొబ్బరి, బెల్లం, తేనె, నెయ్యి అన్నీ మంచి పదార్థాలే. కానీ మంచి పదార్థం అన్నంత మాత్రాన కేలరీలు తక్కువ ఉండవు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికీ గ్రాము ప్రొటీన్‌కీ 4 కేలరీలు. ప్రసాదమైనా హోటల్ బజ్జీ అయినా ఇదే లెక్క. అందుకే నెల మొదలవకముందే ఇంట్లో కూర్చుని ఒకసారి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు సగ్గుబియ్యం సంగతి

ఉపవాసం అనగానే గుర్తొచ్చేది సగ్గుబియ్యం కిచిడీ. తెల్లగా, ముత్యాల్లా, చూడ్డానికి ఎంతో తేలిగ్గా ఉంటుంది. పేరులో బియ్యం ఉంది గానీ అది ధాన్యం కాదు. కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండిని గుళ్లుగా చేసి ఆరబెట్టింది. పెద్దాపురం, సామర్లకోట వైపు వాళ్లకి ఈ మిల్లుల సంగతి బాగా తెలుసు. దుంపలోని పీచు, ఉన్న కాస్త ప్రొటీన్ కూడా తయారీలోనే పోతాయి. మిగిలేది దాదాపు పూర్తిగా స్టార్చ్. 100 గ్రాముల పొడి సగ్గుబియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. బియ్యంలోనూ అంతే. అంటే అన్నం మానేసి సగ్గుబియ్యం తింటే కేలరీల్లో తగ్గిందేమీ లేదు. పైగా బియ్యంలో ఉండే ఆ కొద్ది ప్రొటీన్ కూడా దీంట్లో ఉండదు.

ఇంట్లో చేసే తీరు చూడండి. ఇద్దరికని ఒక కప్పు సగ్గుబియ్యం నానబెడతాం. అది సుమారు 150 గ్రాములు, 525 కేలరీలు. అరకప్పు పల్లీలు వేయించి పొడి కొట్టి కలుపుతాం. అది 70 గ్రాముల వరకు ఉంటుంది, 390 కేలరీలు. ముద్ద కట్టకుండా ఉండాలని రెండు పెద్ద చెంచాల నెయ్యి, ఇంకో 250. ఆలుగడ్డ, పచ్చికొబ్బరి వేయకుండానే 1,150 దాటింది. ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 580 దాకా. ఉడికిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలే. పళ్లెంలో 250 గ్రాముల అన్నం పెట్టుకుని, కప్పు పప్పు, ఓ కూర, పల్చటి మజ్జిగతో తిన్నా ఇంతకంటే ఎక్కువ కాదు. పైగా పప్పన్నం తిన్నవాళ్లు పొద్దుటి వరకు ఆగగలుగుతారు. కిచిడీ తిన్నవాళ్లకి రెండు మూడు గంటల్లోనే ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో సగ్గుబియ్యం గ్లూకోజ్‌ని తొందరగా పెంచుతుంది కూడా.

మానేయమని చెప్పడం లేదు. ఇద్దరికి అరకప్పు సగ్గుబియ్యం చాలు. మిగతా గిన్నె సొరకాయ తురుము, క్యారెట్, బీన్స్, కొత్తిమీరతో నింపండి. పల్లీలు పొడి కొట్టకుండా రెండు చెంచాలు పలుకులుగానే వేయండి, నమలాల్సి వస్తుంది కాబట్టి కొద్దిగానే సరిపోతాయి. నెయ్యి చెంచాతో కొలిచి వేయండి. పక్కన ఓ కప్పు పెరుగు పెట్టుకుంటే ప్రొటీన్ కొంత వస్తుంది.

గుప్పెడు అంటే ఎంత

పల్లీలు, బాదం, జీడిపప్పు ఆరోగ్యానికి మంచివని డాక్టర్లు కూడా చెప్తారు, నిజమే. అయితే ఇవి 100 గ్రాములకి 550 కేలరీలకి అటూ ఇటూ ఉంటాయి. ఒక చిన్న గుప్పెడు, అంటే 30 గ్రాములు, 165 కేలరీలు. టీవీ ముందు పళ్లెం పెట్టుకుని ఉడకబెట్టిన పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంటే ఎన్ని తిన్నామో తెలియదు. వేయించి ఉప్పూ కారం చల్లినవైతే మరీ తెలియదు. డబ్బాలోంచి నేరుగా తినకండి. చిన్న గిన్నెలో వేసుకుని డబ్బా లోపల పెట్టేయండి. వినడానికి చిన్న సలహాలా ఉంటుంది గానీ, నాకు తెలిసినంతలో దీనంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు.

"చక్కెర లేని" డ్రైఫ్రూట్ లడ్డూ ఈ మధ్య ప్రతి స్వీట్ షాపులోనూ దొరుకుతోంది. చక్కెర బదులు ఖర్జూరం ఉంటుంది. 100 గ్రాముల ఖర్జూరంలో 280 కేలరీల దాకా ఉంటాయి, అందులో ఎక్కువ భాగం చక్కెరే. దానికి జీడిపప్పు, బాదం, పైన నెయ్యి. 30 గ్రాముల లడ్డూ ఒకటి 130, 140 కేలరీలు తేలుతుంది. ఉపవాసం రోజు ఒక లడ్డూ తింటే శక్తి వస్తుంది. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, చుక్క చూశాక ఇంకోటి అంటే ఒక పూట భోజనం అక్కడే అయిపోయింది.

నాగుల చవితికి చేసే చిమ్మిలి కూడా ఇంతే. నువ్వులు, బెల్లం కలిసి నిమ్మకాయంత ఉండకి 120, 130 కేలరీలు. నువ్వుల్లో కాల్షియం ఉంది, ఇనుము ఉంది, పండక్కి తినాల్సిందే. కానీ పది రోజుల వరకు డబ్బాలో ఉండేలా చేసుకుని రోజూ రెండు తినడానికి కాదు. అదే పూజలో పెట్టే వడపప్పు మాత్రం నిజంగా తేలిక. నానిన పెసరపప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం, కాస్త కొబ్బరి, పచ్చిమిర్చి. ప్రొటీన్, పీచు రెండూ ఉన్నాయి. చలిమిడి కంటే వడపప్పు ఎక్కువ చేసుకోండి.

తాగేవి

ఉపవాసం రోజు కేలరీలు ఎక్కువగా గ్లాసుల్లోనే లోపలికి పోతాయి. నమిలి తిన్నట్టుండదు కాబట్టి లెక్కలోకి రావు.

రాగి జావనే తీసుకోండి. రెండు పెద్ద చెంచాల రాగిపిండికి 65 కేలరీలు. నీళ్లలో కాచి, పల్చటి మజ్జిగ, ఉప్పు కలుపుకుంటే గ్లాసు 100 లోపే ఉంటుంది. అదే పిండిని గ్లాసు గేదెపాలతో కాచి, 20 గ్రాముల బెల్లం వేసి 'రాగి మాల్ట్' చేసుకుంటే 340 దాకా పోతుంది. రాగి రెండింటిలోనూ అంతే ఉంది. పాలు వాడాల్సి వస్తే ప్యాకెట్ మీద చూసుకోండి: ఫుల్ క్రీమ్‌లో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5.

పొద్దున్నే పరగడుపున నిమ్మరసం, తేనె తాగితే కొవ్వు కరుగుతుందని చాలామంది నమ్మకం. తేనె కరిగించేది ఏమీ లేదు. పెద్ద చెంచా తేనెలో 60 కేలరీలు ఉంటాయి, అంతా చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెని, పళ్లరసాన్ని కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల్లోనే కలిపింది. రోజుకి 2,000 కేలరీలు తినేవాళ్లకి ఆ చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిది. బెల్లం కూడా ఇందులోకే వస్తుంది. 100 గ్రాముల బెల్లం 380 కేలరీలు, చక్కెరకి 400. తేడా అంతే. బెల్లం కదా అని రెట్టింపు వేసుకుంటే చక్కెర కంటే ఎక్కువే తిన్నట్టు.

బత్తాయి రసం గ్లాసుకి మూడు నాలుగు కాయలు పిండాలి. కాయలుగా అన్ని తినలేం, గ్లాసైతే నిమిషంలో తాగేస్తాం. పీచు పిప్పిలో పోతుంది. బండి దగ్గరైతే "చక్కెర వద్దు" అని ముందే చెప్పండి, గ్లాసులో పోశాక చెప్పి లాభం లేదు. సపోటా మిల్క్‌షేక్ ఇంకా ఎక్కువ. గ్లాసు పాలు, రెండు కాయలు, చక్కెర కలిసి 400 కేలరీలకి చేరుతుంది. ఉపవాసం రోజు బయట ఏదైనా తాగాలంటే కొబ్బరినీళ్లు తాగండి. గ్లాసుకి 40 కేలరీలే. లోపలి లేత కొబ్బరి కూడా కొంచెం తినొచ్చు. ముదురు కొబ్బరి లెక్క వేరు, 100 గ్రాములకి 350 కేలరీలు. గుడికి వెళ్లొచ్చిన ప్రతిసారీ వచ్చే కొబ్బరి చిప్ప వారంలో ఎక్కడికి పోతోందో గమనించండి. ముక్కలుగా నోట్లోకి, మిగిలింది చట్నీలోకి.

రాత్రి టిఫిన్

మన దగ్గర 'రాత్రి అన్నం మానేశాను' అంటే టిఫిన్ చేస్తున్నానని అర్థం. ఈ నెలలోనే కాదు, శనివారాలు ఉండేవాళ్లదీ ఇదే పద్ధతి. రెండు మూడు ఇడ్లీలు, సాంబారు అయితే మంచిదే. కానీ రోజూ ఇడ్లీ ఎవరు తింటారు? ఓ రోజు పూరీ, ఓ రోజు నూనె వేసి కాల్చిన చపాతీ, ఓ రోజు నెయ్యి దోశ, ఓ రోజు జీడిపప్పు ఉప్మా. గోధుమపిండి, బొంబాయి రవ్వ, కొర్రలు, సామలు, బియ్యం అన్నీ పొడిగా తూస్తే 100 గ్రాములకి 330 నుంచి 350 మధ్యలోనే ఉంటాయి. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, అందుకని మేలు. కానీ కొర్ర ఉప్మాలో గరిటెడు నూనె పోస్తే ఆ మేలు కేలరీల్లో కనబడదు. పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, ఏ బ్రాండైనా, ఏ గింజదైనా. గానుగ నూనె, ఆలివ్ ఆయిల్, ఆవు నెయ్యి అన్నింటికీ ఇంచుమించు అంతే.

నూనె ఎంత వాడుతున్నామో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. నెల మొదట్లో ఎన్ని ప్యాకెట్లు కొన్నారో రాసిపెట్టండి. నలుగురున్న ఇంట్లో నెలకి మూడు లీటర్లు అయితే మనిషికి రోజుకి 25 మిల్లీలీటర్లు, అంటే 200 కేలరీలు. ఐదు లీటర్లు అయితే 340 దాటుతుంది. కార్తీకంలో ఇది పెరిగితే ఎందుకు పెరిగిందో వంటింట్లో వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది: ఫలహారాలే.

చట్నీని కూడా మరవకండి. పల్లీ చట్నీ ఒక గరిటెతో ఆగదు. దాని బదులు అల్లం, టమాటా పచ్చడి చేసుకోవచ్చు. సాంబారు ఎంత పోసుకున్నా ఫర్వాలేదు.

వనభోజనాల విషయంలో మాత్రం నేను లెక్కలు చెప్పను. ఉసిరి చెట్టు కింద విస్తరి వేసుకుని కూర్చున్నప్పుడు పులిహోర, గారెలు, బూరెలు హాయిగా తినండి. ఏడాదికి ఒక రోజు తిన్నదానితో ఎవరూ లావెక్కరు. నెలలో మిగిలిన రోజుల సంగతే చూసుకోవాలి.

ప్యాకెట్ వెనక్కి తిప్పండి

'ఉపవాసానికి ప్రత్యేకం', 'మల్టీగ్రెయిన్', 'రోస్టెడ్', 'నో యాడెడ్ షుగర్' అని ముందు పెద్దక్షరాలతో ఉంటుంది. అసలు సంగతి వెనక ఉంటుంది. పదార్థాలు బరువులో ఎక్కువున్నది ముందు వచ్చే వరుసలో రాయాలని నియమం. మల్టీగ్రెయిన్ బిస్కట్‌లో మొదటి పేరు మైదా అయి, రాగులు చివర్లో ఉంటే అది మైదా బిస్కటే. కేలరీలు చూసేటప్పుడు 'ఒక సర్వింగ్‌కి' అని ఇచ్చిన చిన్న అంకె దగ్గర ఆగకండి. సర్వింగ్ ఎన్ని గ్రాములో, ప్యాకెట్‌లో ఎన్ని ఉన్నాయో చూడండి. అరటికాయ చిప్స్, చిలగడదుంప చిప్స్ కూరగాయల లెక్కలోకి రావు. 100 గ్రాముల ఉడకబెట్టిన చిలగడదుంప 90 కేలరీల లోపు, చిప్స్ అయితే 500 దాటుతుంది. తామర గింజలు (మఖానా) ఇంట్లో పొడిగా వేయించుకుంటే తేలిక, నేతిలో వేయించి మసాలా పట్టించినవి కొంటే కాదు.

వీళ్లు ముందే డాక్టర్‌ని అడగాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు అడక్కుండా ఉపవాసం ఉండకూడదు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం కనబడితే వెంటనే పరీక్ష చేసుకోండి. 70 కంటే తక్కువుంటే చుక్క కోసం చూడొద్దు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోండి. మీటర్ దగ్గర లేకపోయినా ముందు చక్కెర నీళ్లే తాగండి. మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాత్రలు సొంతంగా ఆపేయడమూ ప్రమాదమే. అప్పుడు షుగర్ పైకి పోతుంది, దానికి తోడు బెల్లం, ఖర్జూరం, పళ్లు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి పగలంతా ఏమీ తినకుండా ఉండటం తగదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి కొబ్బరినీళ్లు, అరటిపళ్లలోని పొటాషియం ఇబ్బంది పెడుతుంది, డాక్టర్ సరే అంటేనే తీసుకోవాలి.

మిగతావాళ్లు చుక్క చూశాక ముందు నీళ్లో పల్చటి మజ్జిగో తాగి, ఒక పండు తిని, పది నిమిషాలాగి పళ్లెం ముందు కూర్చోండి. అప్పటికి ఆకలి వేగం కొంచెం తగ్గుతుంది, రెండో వడ్డన అడగాలా వద్దా అన్నది నెమ్మదిగా తేల్చుకోవచ్చు. ఉపవాసం విడిచే పళ్లెంలో పప్పో పెసరట్టో పెరుగో, ఏదో ఒక ప్రొటీన్ తప్పక ఉండాలి.

దీపావళి వారంలో ఓ ఉదయం బరువు చూసుకుని, బొడ్డు దగ్గర నడుం కొలిచి క్యాలెండర్ మీద రాయండి. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలంటారు. రెండు వారాలకోసారి అదే టైంకి మళ్లీ చూసుకోండి. అంకె పెరుగుతుంటే పండు, మజ్జిగ తగ్గించకండి. రాత్రి టిఫిన్‌లో నూనె, చేతికందే చోట ఉన్న పల్లీల డబ్బా, గ్లాసుల్లో తాగుతున్న తీపి, ఈ మూడింటినీ ముందు పట్టుకోండి.